సైనికుడికి కూడా చదువుకోవాలని ఉంటుంది

మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అని ఒకటుందని మన జిల్లాల్లో చాలా ఇళ్లకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు ఫారాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. నేను సైన్యంలో క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి. జవాన్ల సెలవులు, ప్రమోషన్లు, పెళ్లిళ్లు, పిల్లల పుట్టుకలు రికార్డుల్లోకి ఎక్కించడంలోనే నా సర్వీసంతా గడిచింది. అందుకే విజయనగరం చుట్టుపక్కల ఏ మాజీ సైనికుడికి ఏ కాగితం అడ్డుపడ్డా, "సుబేదార్ సాబ్‌కి చూపించు" అంటారు.

ఆ కాగితాలు ఏళ్ల తరబడి చూస్తున్నాక నాకొక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. మన దేశం సైనికుడి పిల్లల చదువుకు సాయం చేస్తుంది. అతను పోతే భార్య చదువుకూ చేస్తుంది. అతని ధైర్యానికి పతకం ఇస్తుంది, పతకంతో పాటు నెలనెలా భత్యం ఇస్తుంది. కానీ బతికి, కాలూ చెయ్యీ బాగుండి, ముప్పై ఎనిమిదో ఏట ఇంటికొచ్చిన జవాను "ఇప్పుడు నేను చదువుకుంటాను" అంటే అతని పేరు మీద స్కాలర్‌షిప్ లేదు. ఉండాలి. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

ముందు ఉన్న మంచి చెప్పాలి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ 2006-07లో మొదలైంది. డబ్బు జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది, నడిపేది కేంద్రీయ సైనిక్ బోర్డు. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 5500 మందిని ఎంపిక చేస్తారు. అందులో సగం అమ్మాయిలు, సగం అబ్బాయిలు. బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి వృత్తి విద్యా కోర్సులకు ఇస్తారు. 2019 మే 31న, రెండోసారి గెలిచిన కేంద్ర ప్రభుత్వం తొలి నిర్ణయంగా ఈ మొత్తాన్ని పెంచింది. అబ్బాయిలకు నెలకు 2000 ఉన్నది 2500 అయింది, అమ్మాయిలకు 2250 ఉన్నది 3000 అయింది. నక్సలైట్ల, ఉగ్రవాదుల దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు ఏటా 500 స్కాలర్‌షిప్‌లు అప్పుడే చేర్చారు. మన ఏజెన్సీ స్టేషన్లలో పనిచేసిన కానిస్టేబుళ్ల కుటుంబాలకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఒక నాయక్ కూతురి ఖాతాలో ఏడాదికి 36 వేలు పడ్డాయంటే ఆ ఇంట్లో చాలా మారుతుంది. ఆ పిల్ల బీటెక్ మీద చుట్టాలు చేసే వ్యాఖ్యలు ఆగిపోతాయి. "ఇంత ఖర్చెందుకు, పెళ్లి చేసెయ్యండి" అన్న మేనత్తే మరుసటి ఏడు తన మనవరాలి ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందుకే ఈ పథకం అంటే నాకు గౌరవం.

ఆ 36 వేలు రావాలంటే మాత్రం ముందు పేరు కలవాలి. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. భర్తీ నాడు రాసుకున్న గుమస్తాకు ఆ సంగతి తెలియకపోతే ఇంటిపేరు ఎగిరిపోతుంది, లేదా ఇంటిపేరే పేరై కూర్చుంటుంది. అప్పలనాయుడు రెండు ముక్కలై అప్పల ఒకచోట, నాయుడు ఒకచోట పడతాయి. పిల్లల పేర్లతో ఇంకో తంటా. టెన్త్ మెమోలో లక్ష్మికి ఎక్స్ ఉంటుంది, తండ్రి డిశ్చార్జ్ బుక్కులో కేఎస్‌హెచ్ ఉంటుంది. సైన్యంలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ పడాలి. అది పడితేనే రికార్డ్ ఆఫీసులో ఆ బిడ్డ ఆ సైనికుడి బిడ్డ అవుతుంది. సరిహద్దులో ఉన్న జవానుకు తెల్లవారుజామున ఫోనొస్తుంది, అమ్మాయి పుట్టిందని. సెలవు దొరికి ఇంటికొచ్చి, పంచాయతీలో సర్టిఫికెట్ తీసుకుని, తిరిగి యూనిట్‌కు వెళ్లి అప్పగించేసరికి నెలలు పడతాయి. ఒక్కోసారి అప్పగించడమే మరిచిపోతాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ మరుపు ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుంది.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మూడు ముఖ్యమైన అనెగ్జర్లు ఉంటాయి. ఒకటో దాని మీద జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం, రెండో దాని మీద కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం, మూడో దాని మీద బ్యాంకు మేనేజరు సంతకం. మొదటి సంతకానికి పేర్లు కలవాలి. రెండో సంతకానికి ఒక కాలేజీవాళ్లు ఓ పిల్లను పన్నెండు రోజులు తిప్పారు. ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా జమ కాలేదు కాబట్టి ఆ బకాయి చేత్తో కట్టి సంతకం తీసుకెళ్లమన్నారు. స్కాలర్‌షిప్ వస్తే తప్ప కట్టలేనిది, కడితే తప్ప స్కాలర్‌షిప్ కాగితం రానిది. చివరికి ఆ పిల్ల తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. ఇలాంటివి చూసినప్పుడు నాకు కోపం ఆగదు. సంతకానికి సిరా తప్ప ఖర్చేముంది?

ఇక ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరుస. యుద్ధంలో అమరులైన వారి పిల్లలు, భార్యలు మొదటి వరుస. యుద్ధంలో వికలాంగులైన వారి పిల్లలు రెండు. సర్వీసు కారణంగా చనిపోయినవారు, సర్వీసు కారణంగా వైకల్యం వచ్చినవారు ఆ తర్వాత. శౌర్య పతకాలు అందుకున్నవారి పిల్లలు ఆ తర్వాత. ఆఫీసరు హోదాకు కింద పనిచేసి మామూలుగా రిటైరైనవారి పిల్లలు ఆఖరి వరుస. ఈ క్రమాన్ని నేను తప్పుపట్టను. నష్టం ఎక్కువ జరిగిన ఇల్లు ముందుండాలి. మన ఇంజనీరింగ్ అడ్మిషన్లలో సైనికుల పిల్లలకు ఉండే సీఏపీ కోటాలోనూ దాదాపు ఇదే వరుస. కాకపోతే ఈ వరుసలన్నిటిలో ఒక మనిషి ఎక్కడా కనిపించడు. అతని మరణం ఉంది, అతని వైకల్యం ఉంది, అతని పతకం ఉంది, అతని బిడ్డ ఉంది. అభ్యర్థిగా అతను లేడు.

అమరుల పిల్లలకు ఇచ్చేది కూడా ఎంత తేలిగ్గా కోతకు గురవుతుందో 2017లో చూశాం. 1971 యుద్ధం తర్వాత, అమరులైన, గల్లంతైన, వికలాంగులైన సైనికుల పిల్లల ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు పూర్తిగా ప్రభుత్వమే భరించేలా ఏర్పాటు చేశారు. నలభై అయిదేళ్లు అది నడిచింది. 2017 జూలై నుంచి అన్నీ కలిపి నెలకు పది వేలకు మించి ఇవ్వబోమని ఉత్తర్వు వచ్చింది. దేశం మొత్తం మీద ఆ సాయం పొందుతున్న పిల్లలు దాదాపు 3400 మంది. అంత చిన్న గుంపు మీద ఎందుకు పడ్డారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా ఆ పరిమితి తీసేయాలని రక్షణ మంత్రికి లేఖ రాశారు. 2018 మార్చిలో తీసేశారు. ఒక దళాధిపతి కలం పట్టాల్సి వచ్చింది, అయినా పని జరిగింది. అడిగితే జరుగుతుందన్న నమ్మకం నాకు అక్కడి నుంచే వచ్చింది.

కిందటేడు వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మాజీ నాయక్ కూతురితో వచ్చాడు. బీఫార్మసీ చేరిన పిల్ల. కాగితాలన్నీ ఒక పాత కిట్ సంచీలో ఉన్నాయి. డిశ్చార్జ్ బుక్కు అంచులు చిరగకుండా అట్ట వేసి ఉంది. పేరు కలిసింది, మార్కులు స్కాలర్‌షిప్‌కు కావాల్సిన అరవై శాతం దాటాయి, అంతా బాగుంది. పిల్ల జిరాక్సుకు వెళ్లినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"నాకేటైనా ఉందేటి సాబ్?"

ఏం కావాలి నాయనా అన్నాను. డిప్లొమా చదవాలట. సైన్యం వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో పదిహేడేళ్లు వెహికల్ మెకానిక్. లద్దాఖ్‌లో డీజిల్ గడ్డకట్టే చలిలో తెల్లారకుండా లేచి లారీలు స్టార్ట్ చేయించినవాడు. ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేవాడని అతనితో పనిచేసినవాళ్లు అంటారు. ఇప్పుడు విశాఖలో ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి కాపలా. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. షోరూముల్లో అడిగాడట, పని వచ్చునన్నారట, సూపర్‌వైజర్ ఉద్యోగానికి డిప్లొమా కావాలన్నారట. "బేటరీ బళ్లొచ్చేస్తన్నాయి సాబ్. అది కూడా నేర్చుకుంటే ఇంకో ఇరవయ్యేళ్లు నా చెయ్యాడతాది" అన్నాడు. అతని వయసు నలభై ఒకటి. ఫీజు ఎలాగో కడతాడు. చదువుకునే రెండు మూడేళ్లు జీతం లేకపోతే ఇల్లు గడవదు. అతనికి చూపించడానికి నా దగ్గర ఒక్క ఫారం లేదు.

సైన్యం చదువును చిన్నచూపు చూస్తుందని ఎవరూ అనుకోవద్దు. మా రోజుల్లో ప్రమోషన్ రావాలంటే ఆర్మీ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరీక్షలు పాసవాల్సిందే. బారక్‌లో మంచం మీద కూర్చుని, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, మ్యాప్ రీడింగ్ పుస్తకం మీదే నిద్రపోయిన కుర్రాళ్లను ఎందరినో చూశాను. బయటికొచ్చాక ఆ సర్టిఫికెట్ కాలేజీల్లో పెద్దగా చెల్లదు. పదో తరగతి పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అడిగే గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హుడిగా చూడాలని కేంద్రం నియమం పెట్టింది. మంచిదే. ఆ కాగితంతో ఉద్యోగ పరీక్ష రాయొచ్చు. అదే పట్టుకుని పీజీలో చేరతానంటే మాత్రం కుదరదు. ఉద్యోగానికి డిగ్రీతో సమానం, చదువుకు కాదు.

రిటైరయ్యే ముందు పునరావాస డైరెక్టరేట్, అంటే మేం డీజీఆర్ అంటాం, కోర్సులు ఇస్తుంది. ఆఫీసర్లు ఐఐఎంలలో 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తారు, ఫీజులో 40 శాతం వాళ్లు పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం పెడుతుంది. జేసీవోలకు, జవాన్లకు కోర్సులు పూర్తి ఉచితం. ఆ మేరకు ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. కానీ ఆరు నెలల కోర్సు ఆరు నెలల కోర్సే. దానితో డిప్లొమా రాదు, డిగ్రీ రాదు. పైగా సర్వీసు ఆఖరి రోజుల్లో యూనిట్ వదిలితేనే వెళ్లగలం. దేశంలో ఏటా దాదాపు 60 వేల మంది సైన్యం నుంచి బయటికొస్తారు. చాలామంది ముప్పై అయిదుకు, నలభై అయిదుకు మధ్య వయసువాళ్లు. ముందు ఇంకా ఇరవయ్యేళ్ల పని జీవితం ఉన్నవాళ్లు.

మిగతా దేశాల్లో ఏం చేశారని అడిగేవాళ్ల కోసం ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో 1944 జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టాన్ని అక్కడ జీఐ బిల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల ఫీజు కట్టి, చదువుకున్నన్నాళ్లూ ఇల్లు గడవడానికి నెలనెలా భత్యం ఇచ్చారు. సుమారు 22 లక్షల మంది దానితో కాలేజీల్లో చేరారు. నల్లజాతి సైనికులకు దక్షిణ రాష్ట్రాల్లో ఆ చట్టం సరిగా అందలేదన్నది కూడా నిజం, అది ఆ దేశం చేసిన అన్యాయం. ఆ చట్టంలో నాకు నచ్చింది ఆ భత్యం. నా బల్ల ముందు కూర్చున్న నాయక్‌కు కావాల్సింది సరిగ్గా అదే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, అగ్నివీరుల కోసం. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన ఆందోళన మనవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ ఎత్తను. అది అమల్లో ఉంది, మన పిల్లలు అందులో ఉన్నారు. తొలి ఏడాది 46 వేల మందిని తీసుకుంటామన్నారు. నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి వస్తారు. చేతికి వడ్డీతో కలిపి 11 లక్షల 71 వేల దాకా సేవానిధి వస్తుందన్నారు. పెన్షన్ లేదు. మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. 2022 ఆఖరులో, 2023 జనవరిలో శిక్షణకు వెళ్లినవాళ్లకు నాలుగేళ్లు నిండేది 2026 చివరికి, ఆ వెంటనే.

మాజీ సైనికుడన్న హోదా లేకపోతే ఏమవుతుందో నా బల్ల మీది ఫారం చెబుతుంది. అనెగ్జర్ ఒకటి మీద సంతకం పెట్టాల్సిన అధికారికి, ఈ మనిషి మాజీ సైనికుడు అని రాసే అధికారం ఉండదు. రేపు ఆ అగ్నివీరుడికి పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు బీటెక్ చేరితే వాళ్లకూ ఈ స్కాలర్‌షిప్ రాదు. ముందు అతని చదువే చూద్దాం. ఇరవై ఒకటికీ పాతికకూ మధ్య బయటికొచ్చేవాడు. తోటి పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాలు వెతుక్కునే వయసు. పదో తరగతితో వెళ్లినవాళ్లకు ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. సైన్యంలో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు లెక్కగట్టి, మిగతా సగం చదివిస్తే ఇగ్నో డిగ్రీ ఇచ్చేలా మూడేళ్ల కోర్సు పెట్టారు. ఆలోచన చాలా మంచిది. మా నాయక్‌కు అలాంటిది ఉండుంటే ఈపాటికి అతని చేతిలో పట్టా ఉండేది. కానీ దూరవిద్య డిగ్రీ ఒక్కటే అందరికీ సరిపోదు. నర్సింగ్, పాలిటెక్నిక్, లా, హోటల్ మేనేజ్‌మెంట్ క్లాసులో కూర్చుని చదవాల్సినవి. వాటికి ఫీజు కావాలి, నెల భత్యం కావాలి. సేవానిధి ఉందిగా అంటారు. ఆ డబ్బు చేతికొచ్చిన నాడే ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి దాన్ని మింగేస్తాయి. మన ఇళ్ల సంగతి మనకు తెలియనిది కాదు.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర అమరుడైన మురళీ నాయక్ అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా పిల్లవాడు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షలు, అయిదెకరాలు, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అయిదేళ్ల ముందు గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. కేంద్రం మహావీర్ చక్ర ఇచ్చింది. ఇవన్నీ చేయాల్సినవే, రెండు ప్రభుత్వాలూ వెనకాడకుండా చేశాయి. అంత చొరవ చూపగలిగిన ప్రభుత్వాలే కాబట్టి ఇంకొంచెం అడుగుతున్నాను. మురళీ నాయక్‌తో కలిసి శిక్షణ పొంది, బతికి, ఇంటికొచ్చే కుర్రాడి కోసం అడుగుతున్నాను.

లెక్క చూద్దాం. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మొత్తాలే ప్రమాణంగా, సగం మంది అబ్బాయిలు, సగం మంది అమ్మాయిలు అనుకుంటే 5500 మందికి ఏడాదికి 18 కోట్ల 15 లక్షలు అవుతుంది. మాజీ సైనికులకు, అగ్నివీరులకు అలాంటి ఇంకో 5500 స్కాలర్‌షిప్‌లు పెట్టినా ఒక్కో బ్యాచ్‌కు ఏటా అంతే. నెలకు 3000 వాళ్లకు చాలదు, కనీసం మూడు రెట్లు చేయమంటాను. అప్పుడూ అరవై కోట్ల లోపే.

డబ్బు కదిలించడం కష్టం కాదని ఈ మధ్యే చూశాం. రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి హవల్దార్ హోదా వరకు ఉన్నవారి పిల్లలకు ఇచ్చే చదువు సాయాన్ని నెలకు వెయ్యి నుంచి 2000 చేశారు. 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం నాడు స్కూలు పిల్లలు డబ్బాలు పట్టుకుని వస్తే మనం వేసే పదీ ఇరవయ్యీ చేరేది ఇలాంటి సాయాలకే. ఆ రోజు డబ్బాలో వేసేవాళ్లు ఈసారి కొంచెం ఎక్కువ వేయండి.

కేంద్రం చేయాల్సినవి రెండు. ఒకటి, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో పిల్లలతో, వితంతువులతో పాటు మాజీ సైనికుణ్ణి కూడా అభ్యర్థిగా చేర్చాలి, అతనికి ఇంటర్‌లో అరవై శాతం నిబంధన తీసేయాలి. ఇరవయ్యేళ్ల కిందటి మార్కులతో అతన్ని కొలవడం తగదు. రెండు, చదువు సాయం వరకైనా నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసిన అగ్నివీరుణ్ణి మాజీ సైనికుడిగా లెక్కించాలి.

రాష్ట్రాలు చేయాల్సింది ఢిల్లీని అడగకుండానే చేయొచ్చు. ఇంజనీరింగ్‌లో సైనికుల పిల్లలకు ఉన్న కోటాలో, పిల్లలు లేక మిగిలిన సీట్లు సైనికుడికే ఇవ్వొచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, పాలిటెక్నిక్‌లలో మాజీ సైనికుల, అగ్నివీరుల ఫీజు మాఫీ చేయొచ్చు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ల కోసం సాయంత్రం క్లాసులు పెట్టొచ్చు. అనెగ్జర్ సంతకానికి, ఫీజు బకాయికి సంబంధం లేదని కాలేజీలకు ఒక్క సర్క్యులర్ పంపొచ్చు. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్ నోటిఫికేషన్లు పడేలోగా రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ మేరకు ఉత్తర్వులిస్తే, తొలి బ్యాచ్ అగ్నివీరులు, వాళ్లతో పాటు మా మెకానిక్ నాయక్ కూడా ఆ అడ్మిషన్లకే దరఖాస్తు చేసుకోగలుగుతారు.